కేరాఫ్ సుందర్ రాజ్

సోమవారం దెబోరా ఇల్లు చేరేసరికి పోస్ట్‌మన్ జీపు ఇంకా ఆ వీధి మలుపులోనే ఉంది. వార్డులో పేషెంట్లు తక్కువగా ఉన్నారని హాస్పిటల్‌లో ఆమెను గంట ముందే పంపించేశారు. తోటి నర్సు కారులో దింపి వెళ్ళింది. ఉత్తరాల డబ్బా తెరవడం ఆ ఇంట్లో దెబోరా పని కాదు. వంట ఆమె పని. బట్టలు ఉతికి మడతలు పెట్టడం ఆమె పని. మూడూ నలభైకి స్కూల్ బస్సు దిగే ఆ ఇంటి పిల్లలు గ్రేసీనీ ఎస్తేరునీ లోపలికి తెచ్చుకుని, పాలిచ్చి, హోంవర్క్ చేయించడం ఆమె పని. ఉత్తరాలు మాత్రం ఇంటాయన సుందర్ రాజ్ ఆఫీసు నుంచి వచ్చి, కారు దిగుతూ తన చేత్తో తానే తీసుకుంటాడు. భోజనాల దగ్గర ఎవరివి వాళ్ళకు పంచుతాడు, పరీక్ష పేపర్లు పంచే మాష్టారిలాగా.

ఆ రోజు డబ్బా మూత సగం తెరుచుకుని ఉంటే మూద్దామని వెళ్ళింది. పైనే ఉంది తన పేరు. ఇమిగ్రేషన్ ఆఫీసు కవరు. పేరు కింద ‘కేరాఫ్ సుందర్ రాజ్’, దాని కింద వర్జీనియాలోని హెర్న్‌డన్ అడ్రసు. యూనిఫాం మీదున్న కోటు గుండీలైనా విప్పకుండా పచ్చికలో నిలబడే చింపింది.

‘సెప్టెంబరు పద్నాలుగున మీ తరఫున అందిన జవాబు చూశాం. అందులోని వివరాలు మీ పిటిషన్‌లోని వివరాలతో పొసగడం లేదు. మీరు వర్జీనియాలో నిజంగా నివసిస్తున్నట్టు రుజువులు తీసుకుని, ఆ ఇంటివారిలో ఒకరిని వెంటబెట్టుకుని, ఈ గురువారం పదింటికి రండి. రాకపోతే పిటిషన్ తిరస్కరించడం జరుగుతుంది.’

దెబోరా రెండోసారి చదివింది. మూడోసారి కూడా చదివింది. జవాబు అందిందట! ఆమె ఏ జవాబూ పంపలేదు. అసలు ఆమెను ఎవరూ ఏమీ అడగనే లేదు.

పిటిషన్ ఇండియాలో ఉన్న భర్త దైవాశీర్వాదాన్నీ, ఐదేళ్ళ కూతురు మణినీ రప్పించుకోవడానికి. రెండేళ్ళ కిందట షికాగోలో ఉండగా వేసింది. ఈ జనవరిలో వర్జీనియా హాస్పిటల్‌లో పర్మనెంటు ఉద్యోగం రాగానే, అడ్రసు మారిందని తనే కాగితం పంపింది. తను వచ్చిన ఎనిమిది నెలలకు ఫైలు వెనకాల నడుచుకుంటూ వచ్చింది. వచ్చి ఇదిగో, నువ్వు ఇక్కడున్నావా లేవా అని అడుగుతోంది. తిరస్కరిస్తే మళ్ళీ మొదటినుంచి వరసలో నిలబడాలి. పోయిన నెల ఆశీర్వాదం రాశాడు: మణి తన మేనత్తను ‘అమ్మా’ అంటోందట, దెబోరాను ‘అమెరికా అమ్మ’ అంటోందట. ఎంత ముద్దుగా అంటుందో అని రాశాడు ఆ మహానుభావుడు. దెబోరా ఆ ఉత్తరాన్ని మళ్ళీ చదవలేదు.

కవరు మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. ఎవరికీ చెప్పదలచుకోలేదు, ముందు చూడదలచుకుంది.

*

ఆ సాయంత్రం చారు పోపు పెడుతూ, చపాతీలు ఒత్తుతూ ఆమె ఆ ఇంటి మొగుడూ పెళ్ళాల్ని కనిపెట్టి చూసింది. సుందర్ రాజ్ భార్య లూసీ ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి ఆరింటికి వచ్చి, చెప్పులు విడిచి, సోఫాలో కూలబడి, “ఏం వండావే దెబోరా, వాసన వీధిలోకొస్తోంది” అంది. రోజూ అనే మాటే. ఇవాళ అందులో కూడా ఏదో ఉన్నట్టు తోచింది. సుందర్ రాజ్ ఉత్తరాలు పంచాడు. కరెంటు బిల్లు, కూపన్ల పుస్తకం, దెబోరాకు ఆశీర్వాదం ఏరోగ్రాము.

దెబోరా దాని అంచులు దీపం కిందికి తీసుకెళ్ళి చూసింది. జిగురు మామూలుగానే ఉంది. ఒక మూల కొంచెం ముడతపడింది. పోస్టులో పడి ఉండచ్చు. ఆవిరికి పట్టినా అలాగే పడుతుంది.

“ఏంటమ్మా అంతలా చూస్తన్నావ్? స్టాంపు కావాలా?” అన్నాడు సుందర్ రాజ్.

“ఏం లేదన్నయ్యా.”

పోయిన ఆదివారం చర్చిలో కాఫీల దగ్గర లూసీ ఎవరితోనో అన్న మాట ఇప్పుడు చెవిలో గింగురుమంది. “ఆశీర్వాదం వచ్చాడంటే వేరే అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. నా పిల్లల గతి ఏంటో, తల్చుకుంటేనే భయమేస్తది.” అప్పుడు అందరితో పాటు దెబోరా కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఎనిమిది నెలలుగా అద్దె మాట ఎత్తితే లూసీ చెవులు మూసుకుంటుంది. “మా మనిషి దగ్గర అద్దేంటే? సిగ్గులేకపోతే సరి!” అంటుంది. ఎంత మంచిదో అనుకుంది దెబోరా ఇన్నాళ్ళూ. చపాతీ మాడింది.

మంగళవారం డ్యూటీ నుంచి రాగానే, పిల్లలు బస్సు దిగడానికి ఇంకా పావుగంట ఉండగా, వంటింట్లో ఫోను కింది సొరుగు లాగింది. పాత బిల్లులు, బ్యాటరీలు, రబ్బరు బ్యాండ్లు, వారంటీ కార్డులు. ఒకరి సొరుగులో చెయ్యి పెట్టడం ఆమెకు జన్మలో అదే మొదలు. అయినా ఆగలేదు. అట్టడుగున దొరికింది. ఇమిగ్రేషన్ వాళ్ళ మొదటి కవరు, చక్కగా కత్తెరతో కత్తిరించి ఉంది. దానికి క్లిప్పు పెట్టి ఒక కార్బన్ కాపీ. సుందర్ రాజ్ ఆఫీసు టైపురైటర్ మీద కొట్టిందే, అతని అక్షరాల్లో ఇంగ్లీషు ‘ఇ’ ఎప్పుడూ పైకి ఎగిరి ఉంటుంది.

‘అయ్యా, శ్రీమతి దెబోరా నా సొంత చెల్లెలు. జనవరి నుంచి మా కుటుంబసభ్యురాలిగా నా ఇంట్లోనే ఉంటున్నది. ఆమె అద్దెకున్న మనిషి కాదు, మేము అద్దె పుచ్చుకోము. ఆమె బాధ్యత పూర్తిగా నాది.’

దెబోరాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మానాన్నలకు ఆమె ఒక్కతే సంతానం. పిటిషన్‌లో ఆ ముక్క తన చేత్తో నింపింది. సుందర్ రాజ్‌ది వెదుళ్ళపల్లి, ఆమెది బాపట్ల. షికాగో చర్చిలో ఒకరి ద్వారా ఒకరికి తెలిసి, జనవరి మంచులో పెట్టెతో ఈ గుమ్మం ఎక్కేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇంత పచ్చి అబద్ధం ఎవరైనా ఊరికే రాస్తారా?

*

భోజనాలయ్యి పిల్లలు టీవీ ముందుకు వెళ్ళాక రెండు కవర్లూ బల్ల మీద పెట్టింది.

సుందర్ రాజ్ తడబడలేదు. నాప్‌కిన్‌తో మూతి తుడుచుకుని, “ఓ అదా” అన్నాడు. “నువ్వు డబుల్ డ్యూటీలు చేస్తున్నావప్పుడు. నిన్నెందుకు ట్రబుల్ చెయ్యడమని నేనే రిప్లై కొట్టేశా.”

“నా పేర వచ్చిన ఉత్తరం మీరెందుకు ఓపెన్ చేశారన్నయ్యా?”

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “కేరాఫ్ అని రాయించుకుంది నువ్వే కదమ్మా! కేరాఫ్ అంటే ఏంటి? బాధ్యత నాదని. ఆఫీసు ఉత్తరం వస్తే మా నాన్న మా ఇంట్లో ఉండి చదువుకున్న పిల్లల కవర్లన్నీ చూసేవాడు. ఎవడూ నోరెత్తలా.”

నిజమే, తనే రాయించుకుంది. ఒంటరి ఆడది పరాయి ఇంట్లో ఉంటూ ఇంటి పెద్ద పేరు లేకుండా అడ్రసు రాసుకుంటే బాగోదని, అమెరికా అయినా సరే, ఫారాల మీద కూడా కేరాఫ్ అని నింపింది. అది మర్యాద అనుకుంది. ఈ దేశంలో కేరాఫ్ అంటే ఉత్తరాలు అక్కడికి వస్తాయి, మనిషి ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి అని అర్థమట.

“పోనీ చెల్లెలని ఎందుకు రాశారు? సొంత చెల్లెలని?”

“మరేం రాయాలి?” ఈసారి లూసీ అందుకుంది. “టెనెంట్ అని రాయమంటావా? పెళ్ళైన పిల్ల, మొగుడు ఊళ్ళో లేడు, మా ఆయన ఇంట్లో ఉంటోంది. చెల్లెలని కాక ఏమని రాస్తారే?”

“ఉన్నదున్నట్టు రాయచ్చుగా వదినా.”

“ఉన్నదే రాశారు. మాకు నువ్వు చెల్లెలివి కావా?” అని, లూసీ గొంతు మార్చింది. “అవునూ, నా సొరుగు నువ్వెందుకు వెతికావు? అడిగితే ఇవ్వనా?”

దెబోరా ఇంకో ఉత్తరం రాసిమ్మని, గురువారం తనతో రమ్మని సుందర్ రాజ్‌ను అడిగింది. అప్పుడు తడబడ్డాడు అతను. డిసెంబరులో అతని సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది. ఇప్పుడు చెల్లెలు కాదని రాస్తే అప్పుడు అబద్ధం రాశానని ఒప్పుకున్నట్టే కదా? అదే ఆఫీసు, అదే కుర్చీలు.

“లూసీ వస్తదిలే నీతో. హాఫ్ డే లీవ్ పెడుతుంది” అని లేచిపోయాడు. చెల్లెలి బాధ్యత పూర్తిగా తనదేనని టైపు కొట్టినవాడు!

*

బుధవారం దెబోరా లంచ్ అవర్‌లో కాగితాల వేటలో పడింది. హాస్పిటల్ పేరోల్ ఆవిడ, “నువ్విక్కడ పనిచేస్తున్నావని రాసిస్తాను. ఇక్కడి నర్సులు సగంమంది నది దాటి వేరే స్టేట్‌కి పోయి పడుకుంటారు. నువ్వెక్కడ పడుకుంటావో నేనెలా రాసేది?” అంది. బ్యాంకు అకౌంటు ఇంకా షికాగోలోనే ఉంది. డ్రైవింగు రాదు కనుక లైసెన్సు లేదు, ఉన్న ఐడీ కార్డు ఇల్లినాయ్‌ది. ఫోను, కరెంటు, గ్యాసు, అన్నీ సుందర్ రాజ్ పేరున. అద్దె రసీదు ఎలాగూ లేదు. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో ఆమె వండిన అన్నానికి లెక్కలేదు, ఆమె పేరున్న చిత్తుకాగితం ఒక్కటి లేదు.

చివరికి చర్చి పాస్టరు సత్యానందంగారికి ఫోను చేసింది.

“వందనాలు అయ్యగారూ. నేనిక్కడే ఉంటున్నానని ఒక లెటర్ కావాలి. ఒక్కటే రిక్వెస్టు. అందులో నన్ను సిస్టర్ అనొద్దు.”

“అదేంటమ్మా? బ్రదర్ అనమంటావా?” అని పెద్దగా నవ్వాడాయన. సాయంత్రం తానే వచ్చి, అంటించిన కవరు ఇచ్చి వెళ్ళాడు. ఇన్ని అనుమానాల మధ్య ఆయన్ను కూడా అనుమానించడం పాపమనిపించి దెబోరా ఆ కవరు విప్పలేదు.

ఆ విప్పకపోవడమే పొరపాటైంది. గురువారం ఇమిగ్రేషన్ ఆఫీసులో, మెడకు గొలుసుతో కళ్ళద్దాలు వేలాడుతున్న నడివయసు ఆఫీసరమ్మ ఆ కవరు విప్పి, మొదటి వాక్యం పైకి చదివింది. “బ్రదర్ సుందర్ రాజ్ గృహమందు నివసించుచున్న మా సిస్టర్ దెబోరా...”

చదివి, కళ్ళద్దాల మీదుగా చూసింది. పక్కన టైపు కొట్టిన ఉత్తరం, దాని పక్కన పిటిషన్ పెట్టింది. మూడింటినీ వేలితో సర్దుతూ, “ఇతను మీ అన్నయ్యా?” అంది.

“కాదు. చర్చిలో అందరం అలాగే పిలుచుకుంటాం. మా భాషలో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవం. అన్నయ్య అంటాం.”

“మీ హాస్పిటల్ ఉత్తరంలో కూడా, ఇదివరకు ఇండియాలో మీరు ‘సిస్టర్’గా పనిచేశారని ఉంది.”

“అది నర్సు అని. అక్కడ నర్సుని సిస్టర్ అంటారు.”

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. “అయితే మీరు చాలామందికి సిస్టర్. మీ అమ్మానాన్నలకు మాత్రం ఒక్కరే సంతానం.” నవ్వలేదు ఆవిడ. “ఈ కాగితాల్లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది. పిటిషన్ అబద్ధమైతే మీరు కుటుంబాన్ని దాచారు. ఈ ఉత్తరం అబద్ధమైతే, మీరు వర్జీనియాలో ఉంటున్నారని ఇవాళ్టికి ముందు చెప్పింది ఆ ఉత్తరమొక్కటే. మీరు అతని చెల్లెలు కాదు. అద్దెకూ లేరు. మీ భర్త ఇండియాలో ఉన్నాడు. మరి ఆ ఇంట్లో మీరెవరు?”

ఆ ప్రశ్న ఎటు పోతోందో తెలిసి దెబోరాకు ఒళ్ళంతా మంటెత్తింది. పదకొండేళ్ళు నర్సు పని చేసింది. ఎన్ని చావులు చూసింది, ఎంతమందిని ఎత్తి కూర్చోబెట్టింది. ఇవాళ ఒక బల్లకు ఇవతల కూర్చుని, తాను మర్యాదస్తురాలినని చెప్పుకోవడానికి ఇంగ్లీషు వెతుక్కుంటోంది. పక్క కుర్చీలో లూసీ హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని, బిగుసుకుపోయి కూర్చుంది.

“మీరు చెప్పండి” అంది ఆఫీసరమ్మ లూసీతో. “మీకు ఈమె ఏమవుతుంది?”

“షి ఈజ్... అవర్ పర్సన్” అంది లూసీ. మా మనిషి అనబోయింది పాపం.

“మీ పర్సన్. అంటే?”

లూసీ బ్యాగును ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది. ఆఫీసరమ్మ ఫైలు మూయబోతూ, కొంచెం మెత్తబడి అడిగింది. “చూడండమ్మా. ఇవాళ మీరు రాసిచ్చేవి నాకు పనికిరావు. ఈ గొడవ రాకముందు, వేరే ఎవరికోసమో, ఈమె మీ ఇంట్లో ఉంటోందని రాసిన కాగితం ఏదైనా ఉందా? ఏదైనా సరే.”

“లేదు” అంది దెబోరా.

లూసీ మాత్రం ఏమీ అనలేదు. దెబోరా ఆమె వంక చూసింది. లూసీ మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. ఏదో ఉంది, ఈమె దాస్తోంది, చివరిదాకా దాస్తుంది, అనుకుంది దెబోరా. సోమవారం నుంచి పోగేసిన అనుమానమంతా ఒక్కచోటికి వచ్చింది. పిల్లల్ని చూసుకునే మనిషి ఎక్కడ పోతుందోనని, మణి వేరే ఎవరినో అమ్మా అంటుంటే ఈమె ఇలా నోరు మూసుకుని కూర్చోగలదు.

లూసీ హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగింది. పర్సు తీసి, అందులో ప్లాస్టిక్ కవరు వెనక నుంచి నాలుగు మడతల పసుపుపచ్చ కాగితం బయటికి తీసింది. విప్పకుండానే బల్ల మీదికి తోసింది. దెబోరా వైపు తల తిప్పలేదు.

ఆఫీసరమ్మ విప్పి చూసింది. పిల్లల స్కూలువాళ్ళ కార్డు కాపీ. బస్సు దగ్గర పిల్లల్ని ఎవరికి అప్పగించవచ్చో తల్లిదండ్రులు నింపి సంతకం చేయాల్సింది. స్కూలు ముద్ర, తేదీ జనవరి ఇరవై ఆరు. ఆవిడ మొహం మొదటిసారి విచ్చుకుంది. “ఇదిగో! ఇలాంటిదే నేను అడుగుతున్నది” అని, కాగితం తిప్పి దెబోరా ముందు పెట్టింది. “ఇందులో ఉన్నది నిజమేనా? ప్రమాణం మీద చెప్పాలి.”

లూసీ దస్తూరీ గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. పేరు: దెబోరా. అడ్రసు: తల్లిదండ్రుల అడ్రసే. పిల్లలతో సంబంధం అన్నచోట: లివ్-ఇన్ మెయిడ్.

ఇంట్లోనే ఉండే పనిమనిషి.

దెబోరా ఆ మూడు ముక్కల మీద నుంచి కళ్ళు తిప్పలేకపోయింది. జనవరి ఇరవై ఆరు. అంటే వచ్చిన మూడో రోజు. ఆ రోజు తనకు జ్వరంగా ఉంటే లూసీ మిరియాల కషాయం పెట్టి ఇచ్చింది, దుప్పటి కప్పి, “నువ్వింక మా మనిషివి, మొహమాటపడకు” అంది. ఏ పూట రాసి ఉంటుంది ఇది? కషాయానికి ముందా, తరవాతా? కాదని చెప్పడానికి నోరు తెరిచింది. నేను నర్సుని, నేను పనిమనిషిని కాదు. ఆ మాట అంటే కాగితం చెల్లదు. ఇక మణికి ఇంకెన్నేళ్ళు అమెరికా అమ్మగా ఉండాలో ఎవరికి తెలుసు?

పైగా వంట, గిన్నెలు, బట్టలు, పిల్లలు. జీతం లేదు, గది ఉంది. కాదని ఎలా అనడం?

“నిజమే” అంది.

ఆఫీసరమ్మ కార్డు కాపీ తీయించుకుని, ముద్ర కొట్టి, జనవరి నుంచి వర్జీనియా నివాసం రుజువైనట్టు ఫైల్లో రాసింది. సుందర్ రాజ్ ఉత్తరం మీద అడ్డంగా ఒక గీత గీసి, “ఆయన చెల్లెలన్నది అభిమానంతో రాసినమాటగా తీసుకుంటున్నాను” అంది. నెలరోజుల్లో కాగితాలు ఇండియా వెళతాయి అని చెప్పింది. పది నిమిషాలు పట్టలేదు.

*

లూసీ కారు స్టార్టు చేసి, పార్కింగ్ లాట్ దాటకుండానే మళ్ళీ ఆపేసింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ మాట్లాడింది.

“ఆంటీ అనే రాయబోయానే. ఆ క్లర్కు, బ్లడ్ రిలేషనా అని అడిగింది. కాదన్నాను. అయితే ఆంటీ అని రాయకూడదు, ఫాల్స్ స్టేట్‌మెంట్ అవుతుందంది. వెనకాల క్యూలో జనం. మరి ఏం రాయాలంటే, ఇంట్లో ఉండి పిల్లల్ని చూస్తుందా, వండుతుందా అని అడిగింది. అవునన్నాను. అదే అలా రాయమంది.” కళ్ళు తుడుచుకుంది. “రాశాను. రాసిన రోజు నుంచీ నా పర్సులోనే పెట్టుకుని తిరుగుతున్నా. మంగళవారం నువ్వు సొరుగు వెతికావని తెలిసి నాకు పై ప్రాణాలు పైనే పోయినయ్. నా పర్సు కూడా చూశావేమో అనుకున్నా.”

దెబోరా వింటూనే ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదని తెలుస్తూనే ఉంది. లూసీ ఆ జిప్పు లాగకుండా ఉండి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తన మొహం తనే చెరుపుకుని మరీ తీసింది. ఆ తీయడం ఎంత కష్టమో పక్క కుర్చీలో కూర్చుని చూసింది కూడా. చెయ్యి పట్టుకుని, పోనీలే వదినా, అందామనుకుంది. నిజంగానే అనుకుంది. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

ఈ ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో ఒకరికొకరు థాంక్స్ చెప్పుకున్నది లేదు. లూసీ కొత్త చీర ఇచ్చిననాడు అలవాటు చొప్పున దెబోరా నోట ఆ మాట వస్తే, “మనలో మనకి థాంక్సేంటే, బయటివాళ్ళకి చెప్పు” అని లూసీ కసురుకుంది. అప్పటినుంచీ ఇద్దరూ ఆ మాటను హాస్పిటల్‌లోనూ ఆఫీసులోనూ వాడుకుని, గుమ్మం బయటే వదిలి వచ్చేవాళ్ళు.

పిల్లలు బస్సు దిగే వేళ కావడానికి ఇంకా చాలా సమయం ఉంది. లూసీ ఏడుస్తోంది. దెబోరా ఫైలు ఒళ్ళో సర్దుకుని, సీటు బెల్టు పెట్టుకుంది.

“థాంక్సండీ, లూసీగారూ” అంది.

లూసీ ఏడుపు ఆగిపోయింది. తల తిప్పి ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, “మీరు... మీరు హాస్పిటల్‌కి వెళతారా, ఇంటికి వస్తారా?” అని అడిగింది.